చీడికాడలో బ్యాటరీకి నాడి చూస్తారు!

ఏ ఊరికెళ్లినా కొండో, చెరువో, గుడో చూసి రావడం మామూలే. చీడికాడ వెళ్తే మాకు మాత్రం ఓ చచ్చిన బ్యాటరీ ఎదురైంది. దాని వెనక ఓ గృహప్రవేశం ముహూర్తం, ఓ వడ్రంగి ఇచ్చిన మాట, ఓ కుర్రాడి జాగ్రత్త... అన్నీ ఉన్నాయి!

సంక్రాంతి వెళ్లిన వారం. అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా చీడికాడ వెళ్లాలంటే ఇదే సరైన కాలం. చెరకు తోటలు కోతకొచ్చి ఉంటాయి. బెల్లం వండుతున్న చోట రోడ్డు మీదికే తియ్యటి వాసన కొడుతుంది. అనకాపల్లి బెల్లం గురించి తెలియని తెలుగువాళ్లుండరు కానీ ఆ బెల్లం వెనకున్న ఊళ్లు ఎందరికి తెలుసు? వాటిలో చీడికాడ ఒకటి. ఒకప్పటి విశాఖ జిల్లా మండలం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక అనకాపల్లి జిల్లాలోకి చేరింది. పక్కనే హల్వాకి పేరుపడ్డ మాడుగుల. వెనక గోడ కట్టినట్టు తూర్పు కనుమలు. ఆ కొండల కింద బొడ్డేరు మీద కోనాం జలాశయం.

నిజానికి మేం బయల్దేరింది ఆ జలాశయం చూద్దామనే. దారిలో ఫోన్ చార్జర్ మొరాయించింది. చీడికాడలో ఆగి, మోటార్లు చుట్టే షాపు కనిపిస్తే లోపలికెళ్లాం. ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు... కాలు పెట్టడానికి చోటు లేదు. బల్ల ముందు స్టూలు మీద అరవై దగ్గర పడ్డ ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గోనెసంచి. అందులోంచి ఓ డ్రిల్లు, రెండు బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టాడు, డాక్టరు ముందు పసిపిల్లను పడుకోబెట్టినట్టు.

‘‘సూడు నానా... ఎంతసేపు పెట్టినా ఎక్కట్లేదు. చార్జరు ఎర్రగా కొట్టుకుంతాది, ఆరిపోద్ది. సచ్చిపోనాదేటి?’’

‘‘చచ్చిపోయిందో, స్పృహ తప్పిందో చూడాలి చిన్నాన్నా’’ అన్నాడు షాపు కుర్రాడు. ఐటీఐ చదివి ఇక్కడే షాపు పెట్టుకున్నాడట.

ఆ మాట విన్నాక మేం ఎక్కడికెళ్తాం?

నాలుగు రోజుల్లో ముహూర్తం

పెద్దాయన వడ్రంగి. ఉలి, బాడిస, చిత్రిక, రంపం... తండ్రి చేతి నుంచి వచ్చిన పనిముట్లే. ఈ డ్రిల్లు మాత్రం తన డబ్బుతో కొన్నాడు. ఎందుకంటే పని ఎక్కువగా కొండ కింది ఊళ్లలో. కొత్తగా కట్టే ఇంటికి అప్పటికింకా మీటరు రాదు. వైరు లాగుదామంటే పక్కిల్లు అల్లంత దూరం. ‘‘తీగలేని మిషను ఒచ్చేక నా పని సగం తగ్గిపోనాది బాబూ. మడత బందులు బిగించడానికి ఒకప్పుడు పూటంతా పట్టీది’’ అన్నాడు.

మరి బ్యాటరీకి ఏమైంది? నిరుడు వానల్లో ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది. దాదాపు ఐదు నెలలు మంచం మీదే. ఆ రోజు పని చేస్తూ చేస్తూ రెండు బ్యాటరీలూ అయిపోయాయి. ఇంటికొచ్చి చార్జింగ్ పెడదామనుకున్నాడు. ఇంటికి రాలేదు, ఆసుపత్రికి వెళ్లాడు. సంచి అలాగే అటక మీదికెక్కింది. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. మొదటి పని ఒప్పుకున్నాడు. కోనాం వైపు ఓ ఇంటికి తలుపులు, కిటికీలు. మాఘమాసం ముహూర్తం. ఇంకా నాలుగే రోజులు!

‘‘ఐదు నెలలు కూకున్నోడికి పనిచ్చేరు. ఇప్పుడు నేను అందుకోలేకపోతే ముసిలోడైపోనాడంతారు. మళ్లీ పిలవరు’’ అన్నాడాయన. కొత్త బ్యాటరీ కొనొచ్చు కదా అంటారేమో. ఆయన నాలుగైదు రోజుల కూలి. అప్పుచేసి ఆసుపత్రి బిల్లు కట్టిన మనిషికి అది చిన్న మొత్తం కాదు.

ముందు చార్జరు... తర్వాతే బ్యాటరీ!

కుర్రాడు స్క్రూడ్రైవరు పట్టుకుంటాడనుకున్నాం. పట్టుకోలేదు. ముందు చార్జర్ని వేరే ప్లగ్గులో పెట్టాడు. తర్వాత తన దగ్గరున్న అదే రకం మంచి బ్యాటరీ ఒకటి అందులో దూర్చాడు. ఎర్ర లైటు నిలకడగా వెలిగింది. ‘‘చార్జరు బాగానే ఉంది. ఇక్కడికి వచ్చే కొన్ని కేసులు చార్జరువే. బ్యాటరీ పోయిందని పారేస్తారు, పోయింది చార్జరు’’ అన్నాడు.

తర్వాత స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో బ్యాటరీ రేకులు తుడిచాడు. దూది నల్లగా మారింది. రంపపు పొట్టు, దుమ్ము, తేమ కలిసి ఆ రేకుల మీద పొరగా పేరుకుంటాయి. చార్జరుకు బ్యాటరీ తగలనట్టే అవుతుంది. ఈ ఒక్క తుడుపుతోనే బతికే బ్యాటరీలూ ఉన్నాయట. వీటికి ఆ అదృష్టం లేదు. లైటు మళ్లీ కొట్టుకుంది.

మూడోది వేడి. ఈ బ్యాటరీలో ఉష్ణోగ్రత కనిపెట్టే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. లోపల 45 డిగ్రీలు దాటితే చాలా చార్జర్లు ‘చల్లారాక రా’ అని ఆగిపోతాయి. మే నెలలో బైకు డిక్కీలో పెట్టి తెచ్చిన బ్యాటరీ ఎక్కకపోతే అది చెడిపోయినట్టు కాదు. నీడలో గంటసేపు ఉంచితే ఎక్కుతుంది. ఇది చలికాలం కాబట్టి ఆ అనుమానమూ లేదు.

‘‘ఇక నాడి చూడాల్సిందే!’’ అని మల్టీమీటరు తీశాడు.

పద్దెనిమిది వోల్టుల లెక్క

పైన 18 వోల్టులని రాసి ఉన్న బ్యాటరీలో ఒకటే బ్యాటరీ ఉంటుందనుకుంటాం. ఉండదు. టార్చిలైటు సెల్లులాంటి లిథియం అయాన్ సెల్లులు ఐదు వరసగా ఉంటాయి. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. అందుకే వాటిని 18650 అంటారు. ఒక్కో సెల్లు సగటున 3.6 వోల్టులు, ఐదు కలిపితే 18. నిండా ఎక్కిస్తే ఒక్కోటి 4.2, మొత్తం 21. కొందరు అమ్మేవాళ్లు డబ్బా మీద ‘21 వోల్టులు’ అని గొప్పగా రాసేది కూడా చాలాసార్లు ఈ ఐదు సెల్లుల గురించే! తేడా లెక్కలో ఉంది, సరుకులో లేదు.

ఈ సెల్లులకు కిందా ఓ గీత ఉంది. రెండున్నర, మూడు వోల్టుల దగ్గరకి రాగానే మిషను తనంతట తాను ఆగిపోతుంది. అక్కడితో ఆగితే బాధ లేదు. కానీ బ్యాటరీ లోపల సెల్లులకు కాపలా కాసే చిన్న సర్క్యూటు ఒకటుంది. కాపలాదారుడికీ జీతం ఇవ్వాలిగా! అదీ రోజూ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. నిండా ఉన్న బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. ఖాళీ బ్యాటరీని ఐదు నెలలు అటక మీద ఉంచితే మాత్రం ఉన్న కాస్తా లాగేస్తుంది. అప్పుడు చార్జరు దాన్ని చూసి ‘ఇది ప్రమాదం, నేను ముట్టను’ అని లైటు కొట్టి చెబుతుంది. చార్జరు చేసేది తప్పు కాదు. అలా ఆగమనే దానికి నేర్పారు.

‘‘మరి మా గురువు పూర్తిగా అయిపోయేదాకా వాడి, అప్పుడే చార్జి పెట్టాలి అనీవోడు కదేటి?’’ పెద్దాయన సందేహం.

గురువు చెప్పిందీ తప్పు కాదు. ఆయన కాలం వేరు! బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ అమెరికాలో 1961లో తీగలేని డ్రిల్లు తెచ్చినప్పుడు అందులో ఉన్నవి నికెల్ కాడ్మియం సెల్లులు. దశాబ్దాల పాటు అవే నడిచాయి. సగంలో చార్జి పెడితే వాటి సత్తువ తగ్గుతుందని అప్పట్లో ఖాళీ చేసి పెట్టమనేవారు. సోనీ సంస్థ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 2005 నుంచి అవి డ్రిల్లుల్లోకీ వచ్చాయి. ఈ బ్యాటరీకి బాటలు వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. లోపలి సరుకు మారింది. పని నేర్పేవాళ్ల నోట మాట మాత్రం మారలేదు. లిథియానికి ఖాళీగా ఉండటమే శత్రువు!

రెండు బ్యాటరీలు... రెండు తీర్పులు

మీటరు పెట్టాడు. మొదటి బ్యాటరీ 11.6 వోల్టులు. రెండోది 10 వోల్టులకు ఓ పిసరు తక్కువ. మాకైతే రెండూ ఒకలాంటివే అనిపించాయి. మొదటిది బతికితే రెండోదీ బతకాలిగా?

‘‘మొత్తం చూస్తే అలాగే ఉంటుంది సార్. ఇంట్లో ఐదుగురి జీతం కలిపి చెబితే ఎవరు ఖాళీగా కూర్చున్నారో ఎలా తెలుస్తుంది?’’ అని, మరలు విప్పి రెండు డబ్బాలూ తెరిచాడు. ఒక్కో సెల్లునీ విడివిడిగా కొలిచి గోడ మీద పెన్సిలుతో రాశాడు.

మొదటి దానిలో: 2.34, 2.31, 2.33, 2.30, 2.34. ఐదుగురూ నీరసంగా ఉన్నారు కానీ ఒకేలా ఉన్నారు.

రెండో దానిలో: 2.42, 2.40, 2.43, 2.41... ఐదోది 0.31!

కుర్రాడు పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు. ‘‘చిన్నాన్నా, ఇది ముట్టను’’ అన్నాడు.

పెద్దాయన మొహం వాడిపోయింది. ‘‘అదేటి నానా... చోడవరంలో ఒకడు మంచి బ్యాటరీని దీనికి తగిలించి రెండు సెకన్లలో లేపీసేడంట. నువ్వూ అలా సెయ్యి. పోతే నాదే పోద్ది’’ అన్నాడు.

ఇదీ అసలు మాట. నీరసించిన బ్యాటరీకి మంచి బ్యాటరీని ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు తగిలించి ‘లేపడం’ చాలామంది చేసే పని. కొన్నిసార్లు లేస్తుంది కూడా. కానీ అలా తగిలించినప్పుడు ఎంత కరెంటు వెళ్తుందో అదుపు ఉండదు. నిప్పురవ్వలు లేస్తాయి, తీగ కాలుతుంది. అంతకంటే పెద్ద చిక్కు... లోపల ఏ సెల్లు చచ్చిందో చూడకుండానే చార్జరును మోసం చేసినట్టవుతుంది.

సెల్లు అంత కిందికి దిగి నెలల తరబడి ఉంటే లోపల ఏం జరుగుతుందో కుర్రాడు ఓ పాత సెల్లు బొమ్మ గీసి చూపించాడు. నెగిటివ్ వైపు ఉండేది పల్చటి రాగి రేకు. వోల్టేజీ మరీ పడిపోతే ఆ రాగి కరగడం మొదలెడుతుంది. మళ్లీ చార్జి చేసినప్పుడు కరిగిన రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. రెండు వైపులనూ వేరుచేసే పొరను దాటితే లోపలే షార్టు! అది ఈ రోజే జరగక్కర్లేదు. వారం బాగా పనిచేసి, ఓ రాత్రి చార్జింగులో ఉండగా అంటుకోవచ్చు.

‘‘నీ బ్యాటరీ పోతే నీదే పోద్ది. కానీ నువ్వు దాన్ని ఎక్కడ చార్జి పెడతావు? ఇంట్లో మంచం పక్కన. పిన్ని అక్కడే పడుకుంటుంది కదా’’ అన్నాడు కుర్రాడు.

పెద్దాయన మరి మాట్లాడలేదు.

నలభై నిమిషాల సెలైను

మొదటి బ్యాటరీకి వైద్యం మొదలైంది. దుకాణం వెనక సిమెంటు గచ్చు మీద ఓ పెంకు. పక్కన ఇసుక బకెట్టు. చుట్టుపక్కల చెక్క, గుడ్డ ఏదీ లేకుండా చూశాడు. కరెంటును, వోల్టేజీని రెండింటినీ మన ఇష్టప్రకారం కట్టడి చేసే పవర్ సప్లై ఉంది అతని దగ్గర. 16 వోల్టులు మించకుండా, 0.2 ఆంపియర్లు దాటకుండా పెట్టి సెల్లుల వరస రెండు చివరలకూ కలిపాడు. మామూలు చార్జరు ఇచ్చే దాంట్లో ఇది చిన్న వంతే. ‘‘ఆకలితో పడిపోయినోడికి బిర్యానీ పెడతామా సార్? ముందు గంజి’’ అన్నాడు.

పది నిమిషాలకోసారి ఐదు సెల్లులూ కొలిచాడు. చేత్తో ముట్టి వేడి చూశాడు. ఏ ఒక్కటి వెనకబడినా, గోరువెచ్చగా అయినా ఆపేస్తాననీ ముందే చెప్పాడు. పెద్దాయన స్టూలు అక్కడికే లాక్కుని కూర్చున్నాడు. ఆ కాసేపట్లో ఆయన హుద్‌హుద్ నాటి సంగతులు చెప్పాడు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ తీరాన్ని తాకాక ఇటువైపు కరెంటు లేదు. ఎవరింటి తలుపు చూసినా ఊడిపోయి ఉంది. ‘‘మిషన్లున్నోళ్లు కూకుండిపోయేరు. నేను బర్మా తిప్పుకుంతూ ఊరంతా తలుపులెట్టేను’’ అన్నాడు. బర్మా అంటే చేత్తో తిప్పి చెక్కకు బెజ్జం వేసే పాతకాలపు పనిముట్టు. ఈ జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొయ్యకు, చేతికి ఉన్న చుట్టరికం ఈ వైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

నలభై నిమిషాలయ్యేసరికి మీటరు 15.4 చూపించింది. ఒక్కో సెల్లు మూడు వోల్టులు దాటింది. ఎవరూ వేడెక్కలేదు, ఎవరూ వెనకబడలేదు. డబ్బా మూసి మరలు బిగించి చార్జర్లో పెట్టాడు.

ఎర్ర లైటు వెలిగింది. కొట్టుకోలేదు. నిలబడింది!

పెద్దాయన ఏమీ అనలేదు. జేబులోంచి బీడీ తీసి, ఇసుక బకెట్టు చూసి మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

బర్మా మళ్లీ బయటికొచ్చింది

చార్జింగు అయ్యాక 20.7 వోల్టులు. పని అయిపోయిందనుకుంటే కుర్రాడు బ్యాటరీ ఇవ్వలేదు. ‘‘రాత్రంతా ఊరికే ఉండనీ. రేపు కొలిచి, నిలబడితేనే ఇస్తాను. ఒక్క సెల్లు దిగిపోయినా ఇదీ ఆ రెండో దాని దారే’’ అన్నాడు. మేం కోనాం వెళ్లి, జలాశయం గట్టు మీద సాయంత్రం గడిపి, ఆ రాత్రి చోడవరంలో ఉండిపోయాం. మర్నాడు పొద్దున్న చీడికాడ మీదుగానే వచ్చాం. నిజం చెప్పొద్దూ... ఆ అంకె చూడాలనే.

20.6. ఐదు సెల్లులూ సమానంగా ఉన్నాయి.

ఒక బ్యాటరీ బతికింది. కానీ పనికి రెండు కావాలి. ఆ ఇంటి దగ్గర చార్జి పెట్టుకునే వీలు లేదు. ఒకటి అయిపోతే చీడికాడ రావాలి. పెద్దాయన రాత్రే ఆలోచించుకున్నట్టున్నాడు. గోనెసంచిలోంచి నూనె రాసిన పాత బర్మా తీసి చూపించాడు. ‘‘బెజ్జాలన్నీ దీంతో ఏసీస్తాను. మరలు బిగించడానికే మిషను. అప్పుడు బ్యాటరీ సాలుతాది’’ అన్నాడు. లెక్క సరైనదే. ముందే బెజ్జం ఉంటే మర సులువుగా దిగుతుంది, మిషను లాగే కరెంటూ తగ్గుతుంది.

మరి రెండో బ్యాటరీ? దాని రేకులకు టేపు చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో వేసి దుకాణం బయట పెట్టాడు కుర్రాడు. అలాంటివి అక్కడ ఇంకో నాలుగున్నాయి. విశాఖ వెళ్లినప్పుడు సేకరించేవాళ్లకు ఇస్తాడట. 2022లో వచ్చిన కేంద్ర బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. చెత్తకుండీలో వేయకూడదు. ఐదో సెల్లు ఒక్కటే మార్చొచ్చు కదా అని అడిగాం. పాతవాటి మధ్య కొత్తది ఇమడదనీ, మారిస్తే ఒకే రకం కొత్త సెల్లులు ఐదూ మార్చాలనీ, వాటికి నికెల్ పట్టీలు అతికించే స్పాట్ వెల్డింగ్ మిషను తన దగ్గర లేదనీ చెప్పాడు. లేని పనిముట్టుతో పని ఒప్పుకోకపోవడం కూడా పనితనమే!

పెద్దాయన ఎంతివ్వమంటావని అడిగాడు. కుర్రాడు మా చార్జరు తీగకు తీసుకున్నంతే తీసుకున్నాడు. ‘‘ముహూర్తం అయ్యాక మా ఇంటి కిటికీ ఒకటి ఊగుతోంది, చూసిపెట్టు చిన్నాన్నా’’ అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత షాపుకి ఫోన్ చేశాం. తలుపులన్నీ బిగించేశాడట. గృహప్రవేశం రోజు తెల్లారుజామున ఆఖరి గడియ బిగిస్తుండగా బ్యాటరీ అయిపోయిందట.

‘‘మరి అలాగే వదిలేశాడా?’’ అడిగాం కంగారుగా.

కుర్రాడు నవ్వాడు. ‘‘లేదు సార్. భోజనానికి కూడా ఉండకుండా తిన్నగా ఇక్కడికొచ్చాడు... చార్జి పెట్టడానికి!’’

ఇంట్లో మీరు చేయగలిగినవి

• చార్జింగ్ ఎక్కకపోతే ముందు ప్లగ్గు, తర్వాత చార్జరు చూడండి. వీలైతే అదే రకం ఇంకో బ్యాటరీ పెట్టి పరీక్షించండి.

• బ్యాటరీ రేకులను పొడిగా, శుభ్రంగా ఉంచండి. నీళ్లతో కడగొద్దు, ఇనుప బ్రష్షుతో గీకొద్దు.

• వేడిగా ఉంటే నీడలో చల్లారనివ్వండి. ఫ్రిజ్జులో పెట్టొద్దు.

• నెలల తరబడి వాడకపోతే సుమారు సగం చార్జింగుతో, చల్లని పొడి చోట దాచండి. మూడు నెలలకోసారి చూసి కాస్త ఎక్కించండి. ఖాళీగా మాత్రం దాచొద్దు.

• ఉబ్బినా, వాసన వచ్చినా, కిందపడి సొట్టపోయినా, తడిసినా మళ్లీ చార్జి పెట్టొద్దు.

• డబ్బా విప్పడం, సెల్లులు కొలవడం, తక్కువ కరెంటుతో లేపడం... ఇవి తెలిసినవాళ్లు చేయాల్సిన పనులు. ఇంకో బ్యాటరీతో ‘తగిలించి లేపే’ ప్రయోగం అసలే వద్దు.

• చార్జింగు పెట్టి నిద్రపోవద్దు. మంచం, పరుపు, కర్టెన్లకు దూరంగా గచ్చు మీద పెట్టండి.